ఏకగ్రీవం వేరు, ఐక్యత వేరు

(నరసరావుపేటలో జరిగిన రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తున్నాం.)



మాకిచ్చిన అంశం పెద్దది. "రాజకీయ నాయకత్వం, నిజాయితీ, ప్రజాస్వామ్యం" అని కరపత్రంలో వేశారు. అది చూసి మా ఇంట్లోవాళ్ళు నవ్వారు. పదో తరగతితో బడి మానేసి అరక పట్టినవాళ్ళం, ఈ మాటలకీ మాకూ ఏం సంబంధం అని. సంఘం పెద్దలకి అదే చెప్పాం. "మీకు తెలిసిందే చెప్పండి" అన్నారు. మాకు బాగా తెలిసింది మా మైనరు కాలువ. అక్కణ్ణించి మొదలుపెడతాం.

2024 డిసెంబరులో సాగునీటి వినియోగదారుల సంఘాలకి ఎన్నికలు వచ్చాయి. 1997లో చట్టం చేసి, కాలువల బాగోగులు రైతులే చూసుకోవాలని పెట్టిన సంఘాలవి. మధ్యలో ఏళ్ళకేళ్ళు ఎన్నికలు లేవు. అధికారులే అన్నీ. మళ్ళీ వచ్చాయంటే సంబరపడ్డాం. చివరి భూముల రైతుల్నే నిలబెట్టాలని మన సంఘంలో అనుకున్నాం కూడా. మా ఊళ్ళో ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. కుర్రాడంటే నలభై ఏళ్ళుంటాయి, మాకు కుర్రాడే. చిట్టచివరి తూము కింద మూడెకరాలు సొంతం, ఇంకో నాలుగు కౌలు. కాలువలో ఒక కర్ర పాతి, దానికి గీతలు పెట్టి, ఏ రోజు నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో నోటుబుక్కులో రాసుకునే మనిషి. ఆ బుక్కు చూస్తే లస్కరుకి కూడా భయమే.

నామినేషన్లకి ముందురోజు రాత్రి గుడి దగ్గర పెద్దలు కూర్చున్నారు. సంఘం వాళ్ళని మమ్మల్నీ పిలిచారు. ఒకాయన లేచి, పోటీ లేకుండా తమవాణ్ణి ఒప్పుకుంటే గుడికి నాలుగు లక్షలు ఇస్తానన్నాడు. ఏ పార్టీ ఆయన అని అడక్కండి. అంతకుముందు ఒక పార్టీ, అప్పటికి ఇంకో పార్టీ, రేపటి సంగతి ఆయనకే తెలియదు. ఇంకో పెద్దాయన అందుకున్నాడు: "ఎందుకయ్యా ఊళ్ళో గొడవలు? అందరం కలిసి ఉందాం."

ఈ పల్నాడులో ఆ మాటకి బరువుంది. మనం ఊళ్ళు వదిలి వెళ్ళిపోయిన కుటుంబాల్ని చూశాం. కోర్టు వాయిదాల కోసం ఎకరాలకి ఎకరాలు అమ్ముకున్నవాళ్ళని చూశాం. మా వీధిలోనే ఉన్నారు. అందుకని గొడవలొద్దు అనే మాట వినబడగానే మన తల దానంతటదే ఊగుతుంది. ఆ రాత్రి మా తల కూడా ఊగింది. దాచడం ఎందుకు? పైగా ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళి చెప్పిందీ మేమే. "ఈసారికి ఆగు అబ్బాయ్, ఊరంతా ఒక మాట మీద ఉంది" అన్నాం. "సరే బాబాయ్, మీరే వచ్చి చెప్పాక ఇంకేముంది" అన్నాడు. వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. మామూలుగా ఆ ఇంటికి వెళితే కాఫీ తాగకుండా కదలనివ్వదు. ఆ రోజు మంచినీళ్ళు కూడా అడగలేదు.

తర్వాత ఏమైందో చెప్తాం. 2025లో సాగర్ నిండింది. గేట్లు ఎత్తారు, మన జనమంతా వెళ్ళి ఫొటోలు దిగొచ్చారు. డ్యాంలో నీళ్ళున్నాయి, కుడి కాలువలో నీళ్ళున్నాయి, మేజరులో నీళ్ళున్నాయి. మా మైనరు చివర మూడు తూములకి నీళ్ళు లేవు. ఎందుకంటే పూడిక తీయలేదు. తీసినట్టు బిల్లు మాత్రం అయింది. జీపు పోయే రోడ్డు పక్కన అర కిలోమీటరు దాకా మిషను పెట్టి గోకారు. అక్కడ దాటితే ఎప్పటి జమ్ము అప్పుడే ఉంది, కట్ట మీద సర్కారు తుమ్మ అలాగే ఉంది. ఆ కుర్రాడు వాగులో ఇంజను పెట్టి, పైపులు అద్దెకి తెచ్చి, మిరప తోట బతికించుకున్నాడు. డీజిలు ఖర్చు లెక్క ఆ నోటుబుక్కులోనే రాశాడు. మాకు చూపించలేదు, మేము అడగలేదు. గుడికి మాత్రం కొత్త గేటు వచ్చింది. మంచి గేటే. దాతల పేర్లు కూడా చెక్కించారు. మా తూముకి తలుపు ఇప్పటికీ లేదు.

ఇది కరువు వల్ల వచ్చిన నష్టం కాదు. పురుగు వల్ల వచ్చింది కాదు, ధర పడిపోయి వచ్చింది కాదు. లెక్క అడిగే మనిషిని లెక్క అడిగే చోటికి పోనివ్వకుండా మనమే ఆపినందువల్ల వచ్చింది. ప్రజాస్వామ్యం ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు కదా, మాకు తెలిసిన జబ్బు ఇది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ నీటి సంఘంలో ఓటుండాలంటే రికార్డుల్లో పేరుండాలి. మన పల్నాడులో మిరప, పత్తి వేసేవాళ్ళలో కౌలు రైతులు ఎంతమందో మీకు తెలుసు. 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కార్డులిస్తామన్నారు. భూ యజమాని సంతకం పెడితేనే కార్డు. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం, అడిగితే కౌలు పోతుందని రైతు భయం. అంటే కాలువలో నీళ్ళు రాకపోతే ఎండిపోయేది కౌలు రైతు చేను, కాలువ ఎవరు చూడాలో చెప్పే ఓటు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న యజమానిది. ఆయనకి ఎన్నిక ఉన్నట్టు కూడా తెలియదు.

ఏకగ్రీవం అనే మాట ఎప్పటి నుంచి ఇంత తియ్యగా మారిందో గుర్తు చేసుకోండి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు ప్రభుత్వమే బహుమతులు ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, ఐదు వేల దాకా అయితే 10 లక్షలు, పది వేల దాకా 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు. పోటీ లేకపోతే బహుమతి! పరీక్ష రాయకపోతే మార్కులు వేసినట్టు. అంతకుముందు ప్రభుత్వాలూ ఇచ్చాయి, ఒక్క పార్టీని అనడం లేదు. ఆ తర్వాత నెల మున్సిపల్ ఎన్నికల్లో మన మాచర్లలో, పిడుగురాళ్ళలో వార్డులన్నీ ఏకగ్రీవమే. పట్నాలు పట్నాలే ఒక్క మాట మీద నిలబడ్డాయంటే నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. అక్కడ కొట్టు పెట్టుకుని బతికేవాణ్ణి, ఆటో నడిపేవాణ్ణి పక్కకి పిలిచి అడిగితే చెప్తాడు. ఇప్పుడు అధికారంలో ఉన్నవాళ్ళు అప్పుడు గోల పెట్టారు. 2024 డిసెంబరులో నీటి సంఘాలకి ఏకగ్రీవాలు కుదిర్చినప్పుడు మాత్రం ఆ గోల వినబడలేదు. అప్పుడు కుదిర్చినవాళ్ళు ఇప్పుడు ప్రజాస్వామ్యం అంటున్నారు. కుర్చీలు మారాయి, ఆట అదే.

2024 మే 13 సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఓటు మిషన్ని నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. మన జిల్లా కలెక్టరుని బదిలీ చేశారు, ఎస్పీని సస్పెండ్ చేశారు. కొత్త జిల్లా వచ్చి అప్పటికి రెండేళ్ళు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రం అయిందని మనం స్వీట్లు పంచుకున్నాం, రెండేళ్ళు తిరిగేసరికి ఢిల్లీలో మన జిల్లా పేరు ఇలా మోగింది. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో నూటికి 81 మందికి పైగా ఓటేశారు. మన జిల్లాలో అంతకన్నా ఎక్కువే. గొడవలు జరిగిన ఊళ్ళలో కూడా ముసలమ్మలు కర్ర పట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. పల్నాడు జనానికి ఓటంటే లెక్కలేదని బయటివాళ్ళు అంటే మాకు కోపం వస్తుంది. కోడిపందెం కథ చెప్పి మనల్ని వెక్కిరిస్తారు. అదే పల్నాటి కథలో అన్ని కులాలూ ఒక్క చాప మీద కూర్చుని తిన్న చాపకూడు ఉంది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంతకీ పల్నాటి ఊళ్ళకి ఒక్క మాట మీద నిలబడటం రాదా? వచ్చు. వందేళ్ళ కింద చేసి చూపించారు.

1921లో ఇక్కడ పుల్లరి గొడవ. అడవిలో పశువుల్ని మేపుకోవడానికి సర్కారుకి కట్టే పన్ను పుల్లరి. వానలు లేవు, పంటలు లేవు, పశువులే ఆధారం. వాటి నోటి దగ్గర గడ్డికి పన్ను. కట్టం అన్నారు. పన్ను వసూలుకి వచ్చిన ఉద్యోగులకి ఊళ్ళో నీళ్ళు పుట్టలేదు, నిప్పు పుట్టలేదు. బియ్యం అమ్మినవాడు లేడు, బట్టలు ఉతికినవాడు లేడు. దుర్గి దగ్గర మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు ముందు నిలబడ్డాడు. సత్తెనపల్లి వైపు వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ ఉద్యమంలోనే జైలుకి పోయి, అక్కడ మాలపల్లి నవల రాశారు. ఇటు పెదనందిపాడు వైపు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టకుండా ఊళ్ళకి ఊళ్ళు నిలబడ్డాయి, మునసబులు కరణాలు ఉద్యోగాలు వదిలేశారు.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీగారు ఉద్యమం ఆపేశారు. ఆపిన పది రోజులకి, ఫిబ్రవరి 22న, హనుమంతుని కాల్చి చంపారు. దాహమంటే మంచినీళ్ళు కూడా పోయనివ్వలేదని మన ముసలివాళ్ళు చెప్పుకునేవారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజు ఊళ్ళు ఒక్కటయ్యాయి. ఆ ఐక్యతకి ఎవరు ఎన్ని లక్షలు ఇచ్చారు? ఏ గుడికి గేటు పెట్టించారు? చాకలి, మంగలి, కోమటి, గొల్ల, రైతు, అందరూ నష్టపోతామని తెలిసీ కలిశారు. అక్కడ ఒక్కొక్కరూ తమ నోటితో తాము కాదన్నారు. మా గుడి దగ్గర ఆ రాత్రి ఎవరూ నోరు విప్పలేదు, తలలే ఊపాం. ఏకగ్రీవం అంటే ఒకటే గొంతు అని మా తెలుగు మాస్టారు అర్థం చెప్పేవారు. మా ఊళ్ళో ఆ రాత్రి ఉన్నది డబ్బు ఇచ్చినాయన గొంతు ఒక్కటే.

నాయకుల నిజాయితీ గురించి చెప్పమంటే మాకు గుర్తొచ్చే మనిషి ఇక్కడికి దగ్గర్లోనే ఉండేవారు. సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్య గారు. 1906లో పుట్టారు, 2003లో పోయారు. పెళ్ళి చేసుకోలేదు. నాలుగుసార్లు సత్తెనపల్లి నుంచి ఎమ్మెల్యే, అదీ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచినవే ఎక్కువ. పక్కన నరసరావుపేట ప్రాంతం నుంచి కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, అంత పెద్ద కాంగ్రెసు ఎదురుగా, ఏ పార్టీ అండా లేకుండా ఒక ఖద్దరు మనిషి గెలిచి అసెంబ్లీకి వెళ్ళాడు. ఇప్పుడు ఎవరైనా అలా నిలబడితే డిపాజిట్టు కోసం చందా వేసుకోవాలి.

ఈ సాగర్ నీళ్ళు మనకి ఊరికే రాలేదు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు డబ్బు, మనుషులు పెట్టి తిరిగారు. వావిలాల గారు ఊరూరా తిరిగి జనాన్ని కదిలించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకి నీళ్ళు వదిలారు. పన్నెండేళ్ళు పట్టినా నీళ్ళు వచ్చాయి. కుడి కాలువ కింద పదకొండు లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టు. మా నాన్న తరం జొన్న, వరిగ తిని బతికింది, మా తరం వరన్నం తింటోందంటే ఆ నీళ్ళే.

ముక్త్యాల రాజా జమీందారు, వావిలాల గాంధేయవాది, కమ్యూనిస్టులూ ఆ ప్రాజెక్టు కోసం పనిచేశారు. ఒకరి రాజకీయం ఒకరికి గిట్టదు. అసెంబ్లీలో ఒకరినొకరు ఉతికి ఆరేసుకునేవాళ్ళు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి కలిశారు. పోటీ ఉంటే పని జరగదని మనకి ఎవరు నేర్పారో కానీ, ఈ జిల్లాలో జరిగిన అతి పెద్ద పని పోటీ ఉన్న రోజుల్లోనే జరిగింది.

ఇంకొక పేరు చెప్పి ముందుకెళ్తాం. పుచ్చలపల్లి సుందరయ్య గారు. తన వాటా ఆస్తి అమ్మి పార్టీకిచ్చారు, సైకిలు మీద పార్లమెంటుకి వెళ్ళారు. ఇది అందరూ చెప్పే సంగతే. మన సభల్లో చెప్పగానే చప్పట్లు కొడతాం, బయటికొచ్చి ఏ నాయకుడి వెనక ఎన్ని కార్లున్నాయో లెక్కపెట్టి, "వీడికి దమ్ముందిరా" అంటాం. సైకిలు మీద వచ్చినవాడికి మనలో ఎంతమంది ఓటేస్తాం? చేతులెత్తమంటే అందరూ ఎత్తుతారు, అందుకే అడగడం లేదు.

అసెంబ్లీకి పోటీ చేసేవాడు చట్టం ప్రకారం 40 లక్షల కన్నా ఎక్కువ ఖర్చు పెట్టకూడదు. మీరు నవ్వుతున్నారు. నవ్వడమే మన జబ్బు. చట్టం రాసినవాళ్ళకి తెలుసు, లెక్క రాసి ఇచ్చేవాళ్ళకి తెలుసు, తీసుకునేవాళ్ళకి తెలుసు, మనకీ తెలుసు. మన ఇంటి గుమ్మంలోకి కవరు వచ్చినప్పుడు అందులో ఎంత ఉందో చూస్తాం. పక్కింటికి ఎక్కువ ఇచ్చారని తగాదా పడిన ఊళ్ళు కూడా ఉన్నాయి. కోట్లు పెట్టి గెలిచినవాడు ఆ కోట్లు ఎక్కణ్ణించి రాబట్టుకుంటాడు? మన పూడిక బిల్లులోంచి, ఇసకలోంచి, మట్టిలోంచి. మనకి కవరులో వచ్చింది మన కాలువలోంచి తీసిందే.

సుప్రీంకోర్టు 2002లో, 2003లో ఇచ్చిన తీర్పుల వల్ల అభ్యర్థులు తమ ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. ఫోనులో అందరికీ కనబడుతుంది. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లు చెల్లవని కూడా తీర్పు వచ్చింది. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందన్నారు. హక్కు ఉంది. మిరపకాయ ధర చూడ్డానికి రోజుకి పదిసార్లు ఫోను తీస్తాం, ఆ ప్రమాణపత్రం ఐదేళ్ళకోసారి కూడా తీసి చూడం.

నీళ్ళతో ఓట్లాట ఎలా ఆడతారో 2023లో చూశాం. నవంబరు 30 తెలంగాణలో పోలింగు. ఆ తెల్లవారుజామున సాగర్ డ్యాం మీదికి మన వైపు పోలీసులు వెళ్ళి సగం గేట్లు స్వాధీనం చేసుకుని, ముళ్ళకంచె వేసి, కుడి కాలువకి నీళ్ళు వదిలారు. మన నీళ్ళు మనం తీసుకుంటే తప్పేంటని మనలో చాలామంది అనుకున్నారు. మా ఇంట్లో కూడా అనుకున్నారు. చివరికి డ్యాం మీద కేంద్ర బలగాలొచ్చాయి. కృష్ణా బోర్డు పెట్టింది 2014 చట్టంలో. అన్నేళ్ళు బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోని విషయం పోలింగు రోజు తెల్లవారేసరికి ఎందుకు గుర్తొచ్చింది? అదే నెల 15న మాచర్లలో వరికపూడిశెల ఎత్తిపోతలకి పునాదిరాయి వేశారు. వెల్దుర్తి, దుర్గి వైపు రైతులకి ఆ పేరు చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కృష్ణ పక్కనే పారుతుంటే తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళవి. తాతల నుంచి వింటున్న ప్రాజెక్టు.

చట్టాలు ఎలా చేస్తున్నారో కూడా ఒక్క ముక్క. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయ చట్టాలు రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టకుండా మూజువాణి ఓటుతో అయ్యాయనిపించారు. రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుంటే, 2021 నవంబరు 29న పార్లమెంటు వాటిని రద్దు చేసింది. రద్దు చేసేటప్పుడు కూడా చర్చ లేదు. మన రాష్ట్రంలో భూమి హక్కుల చట్టం తెచ్చినప్పుడూ అంతే. పట్టా ఉన్న రైతుకి ఆ చట్టంలో ఏముందో ఎవరూ చెప్పలేదు. ఎన్నికలొచ్చేసరికి అదే పెద్ద ఇష్యూ అయింది, 2024లో రద్దయింది. రద్దయినందుకు సంతోషమే. కానీ చేసేటప్పుడు ముందే మన గ్రామసభలో చదివి వినిపించి ఉంటే ఇంత తిప్పలు ఎవరికీ ఉండేవి కావు.

సరే, పైవాళ్ళని తిట్టడం తేలిక. మన సంఘం సంగతి చూద్దాం.

2025 మొదట్లో మిరప ధర పడిపోయింది. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు అంది. ఎరువు, పురుగుమందు, కోత కూలి కలిపితే ఆ ధర ఏ మూలకీ రాదని మనం ధర్నాకి లారీల్లో వెళ్ళాం. గుర్తుందా? ఆ రోజు భోజనాలు ఎవరు పెట్టారు? ఒక కమిషన్ వ్యాపారి పెట్టాడు. మంచి భోజనమే, గోంగూర కూడా వేశాడు. ఆ సభలో ప్రభుత్వాన్ని తిట్టాం, కేంద్రాన్ని తిట్టాం, ఎగుమతిదారుల్ని తిట్టాం. టిక్కీకి ఇంత అని తరుగు తీసే సంగతి, తాలు పేరుతో కోత పెట్టే సంగతి, వడ్డీ డబ్బుకి కాయ ఆ కొట్లోనే అమ్మాలనే షరతు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మేమూ మైకు పట్టుకున్నాం ఆ రోజు. మా నోట కూడా రాలేదు. ఎవరూ మాట్లాడొద్దని చెప్పలేదు, తిన్న అన్నం చెప్పింది.

ఇంటికొచ్చాక మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఎవరింట్లో తింటే వాళ్ళ తూకం సరిగ్గానే కనబడుతుందనేది ఆవిడ. అందుకని ఇవాళ మధ్యాహ్నం భోజనానికి తలా ఇరవై రూపాయలు, అరకిలో బియ్యం తెమ్మని చెప్పాం. కొంతమంది సణిగారని విన్నాం. పప్పుచారు, పచ్చడి మాత్రమే ఉంటుంది. కూర్చునేది మాత్రం అందరం ఒకే చాప మీద.

మన సహకార సంఘాలకి 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత మనం బ్యాలెట్ కాగితం చూడలేదు. ఏ ప్రభుత్వం వస్తే ఆ ప్రభుత్వం ముగ్గుర్ని కూర్చోబెడుతుంది. మార్కెట్ కమిటీలూ అంతే, నామినేషన్లే. మన వాటాధనం, మన అప్పులు, మన ఎరువులు, కుర్చీ మాత్రం వేరేవాళ్ళు వేస్తారు. ఎన్నికలు పెట్టమని మనం ఎన్ని వినతిపత్రాలు ఇచ్చాం? మద్దతు ధర మీద వంద ఇచ్చాం, దీని మీద ఒకటో రెండో. ఎందుకంటే మనలో కొంతమందికి ఆ ముగ్గురిలో ఒకడు కావాలని ఉంది. ఇందులో కూర్చున్నవాళ్ళకి కోపం రావచ్చు. రానివ్వండి.

కార్యవర్గం ముందు మా ఊరి వైపు నుంచి ఒక తీర్మానం పెట్టాం, ఇక్కడ చదవమన్నారు. సంఘంలో బాధ్యత ఉన్నవాళ్ళు ఎవరైనా ప్రభుత్వం ఇచ్చే నామినేటెడ్ పదవి తీసుకుంటే ముందు సంఘం బాధ్యత వదలాలి. సంఘానికి వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి మూడు నెలలకోసారి ఈ పత్రికలో వేయాలి, లారీ డీజిలు ఎవరు పోయించారో దానితో సహా. ఊళ్ళో ఏ పదవికైనా డబ్బు ముట్టే ఏకగ్రీవం మాట వస్తే మనవాళ్ళు అక్కణ్ణించి లేచి రావాలి. మూడోది కష్టం. ఊళ్ళో ఉండాలి, పెళ్ళిళ్ళకి చావులకి అందరూ కావాలి. లేచి వచ్చినవాణ్ణి ఒంటరివాణ్ణి చేస్తారు. అందుకే ఒక్కడు లేవకూడదు, ఉన్నంతమందీ లేవాలి. దీని మీద వాదించండి. కాదనేవాళ్ళు కాదని చెప్పండి, చేతులెత్తి ఓట్లు లెక్కపెడదాం. దయచేసి ఏకగ్రీవం చేయొద్దు.

ఆ కుర్రాడి సంగతి చెప్పి కూర్చుంటాం. కిందటి నెల వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళాం. తప్పు మాదేనని చెప్పాం. ఏమీ అనలేదు. కాసేపయ్యాక లోపలికెళ్ళి నోటుబుక్కు తెచ్చాడు. ఏ తారీఖున నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో, మిషను ఏ రోజు వచ్చి ఎన్ని గంటలు పనిచేసిందో అంతా రాసి ఉంది. నీటి సంఘాల చట్టంలోనే సామాజిక తనిఖీ చేయాలని రాసి ఉంది, మనం ఎప్పుడూ చేయలేదు. ఇంజనీర్ల దగ్గర ఎం-బుక్ ఉంటుంది, ఎన్ని మీటర్లు పూడిక తీశారో కొలతలు అందులో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద దాని నకలు అడుగుతూ దరఖాస్తు పెట్టాం. మొదటి సంతకం ఆ కుర్రాడిది, రెండోది వాళ్ళావిడది, మూడోది మాది. ఈసారి కాఫీ ఇచ్చింది.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మీ మీ మైనర్ల మీద కూడా అడగండి. ఖాళీ దరఖాస్తులు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాం. గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది. తెల్లకార్డు నకలు జత చేస్తే అదీ అక్కర్లేదు. మైనరు పేరు, కిలోమీటరు, ఏ సంవత్సరం పనో సరిగ్గా రాయండి. రాయడం రాకపోతే మా ఊరి ఆడపిల్లలు ఇద్దరు అక్కడ కూర్చుని ఉన్నారు, వాళ్ళు రాసిస్తారు. వినుకొండ వైపు వాళ్ళు ముందు తీసుకోండి, మీ బస్సు నాలుగింటికే.